హైవే నంబరు పక్కన ఊరి పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ రహదారుల నంబర్లను కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2010లో మార్చింది. అయినా విజయవాడ–విశాఖ దారిని ఇప్పటికీ 'ఎన్‌హెచ్ ఫైవ్' అనేవాళ్లు, కర్నూలు దారిని 'సెవెన్' అనే లారీ డ్రైవర్లు ఎందరో. పాత అలవాటు పోలేదని వాళ్ల మీదకు నెట్టేస్తే సరిపోదు. లోపం నంబర్లు కేటాయించిన తీరులో కొంత ఉంటే, వాటిని రోడ్డు మీద రాసిన తీరులో అంతకంటే ఎక్కువ ఉంది.

నిజానికి లెక్క తేలికే. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రధాన రహదారులకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు. సరి సంఖ్యలు తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి: 2 ఈశాన్య రాష్ట్రాల్లో, 16 తూర్పు తీరం వెంట, 44 దేశం నడుమ, 66 పడమటి తీరాన. బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి: 1 లేహ్ దారి, 65 పుణె నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరేది, 87 రామేశ్వరం వైపు వెళ్లేది. మూడంకెల నంబరైతే చివరి రెండంకెలు తల్లి రహదారివి, ముందు అంకె పిల్లది. కత్తిపూడి దగ్గర 16ను వదిలి కాకినాడ, మచిలీపట్నం చుట్టి ఒంగోలులో మళ్లీ 16ను కలిసే రోడ్డు 216 అయింది అందుకే.

గందరగోళానికి మొదటి కారణం, పాత నంబర్లను పక్కన పెట్టేయకుండా వేరే రోడ్లకు తగిలించడం. పాత 5 ఇప్పుడు సిమ్లా వైపు, పాత 7 బదరీనాథ్ వైపు, పాత 9 ఢిల్లీ మీదుగా పిథోరాగఢ్ వైపు వెళ్లాయి. అవి దూరాన ఉన్నాయి కాబట్టి మనకు పెద్ద బాధ లేదు. అసలు చిక్కు 16తో, 63తో. 2010కి ముందు 16 అంటే నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు. ఇప్పుడు అది 63, కోల్‌కతా–చెన్నై రోడ్డు 16. మరి పాత 63 ఏది? గుత్తి నుంచి బళ్లారి, హుబ్బళ్లి మీదుగా అంకోలా వెళ్లేది. దాని మీద ఇప్పుడు ఉన్న నంబరు హుబ్బళ్లి దాకా 67, అక్కడి నుంచి అంకోలా దాకా 52. కాగితం మీద '16 పక్కన' అని ఉంటే, ముందు దాని తేదీ చూడందే అది మంచిర్యాల వైపో ఒంగోలు వైపో చెప్పలేం.

రెండో కారణం పిల్ల రోడ్లది. నంబరులో తల్లి పేరు ఉంటుంది గానీ ఆ తల్లి డ్రైవరు కంటికి ఆనదు. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా వెళ్లే రోడ్డు 163. దాని తల్లి 63 ఎక్కడ తగులుతుంది? ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నంలో. కోదాడలో 167 బోర్డు చూసినవారికి 67 ఎక్కడుందో తెలియాలంటే బళ్లారి దాకా పోవాలి.

పైగా ఒక తల్లికి తొమ్మిదే పిల్ల నంబర్లు: 144 నుంచి 944 దాకా. అవి చాలని చోట అక్షరాలు తగిలిస్తున్నారు. సేలం–కొచ్చి రోడ్డు 544 అయితే, అనంతపురం–గుంటూరు రోడ్డు 544డీ, బెంగళూరు–విజయవాడ మధ్య వేస్తున్న కొత్త రోడ్డు 544జీ. ఈ రెండూ 544ను ఎక్కడా తాకవు. శ్రీశైలం దారి 765 కదా అని 765డీని దాని పాయ అనుకుంటే, అది హైదరాబాద్‌కు అవతలి పక్క నర్సాపూర్, మెదక్ వైపు వెళ్తుంది. ఒంటి అక్షరంతో కూడా ఆగలేదు. సూర్యాపేట–ఖమ్మం రోడ్డు 365బీబీ, ఖమ్మం–దేవరపల్లి కొత్త రోడ్డు 365బీజీ. ప్రమాదం జరిగిన చోటు నుంచి, లారీల మోతలో ఫోన్ చేసేవాడు 'బీబీ' అన్నాడో 'బీజీ' అన్నాడో అవతలివాళ్లకు ఎలా తెలుస్తుంది? నకిరేకల్ సంగతీ అంతే. అక్కడ 65 నుంచి 365 ఉత్తరానికి, 565 దక్షిణానికి చీలుతాయి. ఒక్క అంకె తప్పు వింటే అంబులెన్సు తుంగతుర్తికి బదులు నాగార్జునసాగర్ దారి పడుతుంది.

మూడోది, నంబరు దిక్కు చెప్పదు. హైదరాబాద్‌లో 44 అంటే మేడ్చల్ కావచ్చు, శంషాబాద్ కావచ్చు. 65 అంటే పటాన్‌చెరూ అవుతుంది, చౌటుప్పలూ అవుతుంది. జనం 'నాగపూర్ హైవే', 'బెంగళూరు హైవే' అంటున్నది తెలియక కాదు, నంబరు చెప్పలేనిది ఊరి పేరు చెబుతుంది కాబట్టి. అమెరికాలో నంబరు పలక పక్కనే ఉత్తరమో దక్షిణమో రాస్తారు. మన పసుపు పలక మీద ఆ ముక్క ఉండదు.

చేయాల్సిన పనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. కూడలికి వచ్చే ప్రతి దారిలోనూ, మలుపుకు ముందే, నంబరు కింద ఆ వైపు వచ్చే పెద్ద ఊరి పేరు తెలుగులో రాయాలి. అక్షరం తగిలించిన రోడ్లకు రెండు కొసల ఊళ్లూ రాయాలి. పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్ల మీద నంబరు చెరిగిపోయిన చోట మళ్లీ పెయింటు వేయాలి. జాతీయ రహదారుల సంస్థ చేతిలో కొన్ని రోడ్లు, రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖ చేతిలో కొన్ని ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ ఒకే నమూనా ఇవ్వాలి.

అందాకా హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసేవారు రోడ్డు నంబరుతో ఆగకుండా, దగ్గరి రాయి మీది కిలోమీటరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తున్నారో, చివరగా దాటిన టోల్‌గేటు పేరు చెప్పడం మేలు. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చొప్పున ఉండే చిన్న రాళ్ల అంకె కూడా చెబితే, వెతుక్కునే దూరం ఇంకా తగ్గుతుంది.

పత్రికలకూ ఒక విన్నపం. ప్రమాద వార్తల్లో పాత నంబరు ఒకచోట, కొత్తది మరోచోట వేస్తున్నారు. కొత్త నంబరే వేసి, పక్కన రెండు ఊళ్ల పేర్లు ఇవ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు