తూటా కేసులను మెరిపించి అమ్మకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో పడి ఉన్న పాత సామాన్లు అమ్ముకోవడం గురించి మీరు వేసిన వ్యాసంలో రైఫిల్ తూటాల ఖాళీ ఇత్తడి కేసుల (మందు నింపే గొట్టాల) సంగతి నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. ప్రైమర్లు (కేసు అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న బిళ్లలు) ఊడగొట్టి, ఇత్తడి పాలిష్‌తో రుద్ది తళతళలాడిస్తే ధర పెరుగుతుందన్నది ఆ సలహా. రీలోడింగుకు (పేలిన కేసును మళ్లీ నింపి వాడుకోవడానికి) చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉంటున్న మీ పాఠకులు ఈ మాట నమ్మితే నష్టపోతారు. వాడిన పాలిష్‌ను బట్టి, కొన్నవాళ్లు గాయపడే ప్రమాదం కూడా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తూటా పేలాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మళ్లీ వాడుకోగలిగింది కేసు ఒక్కటే. అది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. పేలినప్పుడల్లా ఉబ్బుతుంది, తిరిగి అసలు కొలతకు తెచ్చే అచ్చులో, అంటే డైలో, నొక్కినప్పుడల్లా కుదించుకుపోతుంది. ఇలా సాగీ నలిగీ నెక్ (గుండును పట్టి ఉంచే మూతి భాగం) దగ్గర గట్టిపడి చివరికి చీలుతుంది. తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్లో ఐదారుసార్లు, చేత్తో ఎక్కించే బోల్ట్ రైఫిల్లో ఒద్దికగా వాడుకుంటే అంతకు రెండింతలు పనికొస్తుందని స్థూలంగా అనుకోవచ్చు. కొనేవాడు డబ్బిచ్చేది ఆ మిగిలిన ఆయుష్షుకే. కాబట్టి 'ఒకసారే పేలింది' అన్న మాటకు రుజువు ఉంటేనే ధర. ఆ రుజువులు చాలావరకు కేసు అడుగునే ఉంటాయి. మీ వ్యాసం చెరిపెయ్యమన్నది సరిగ్గా వాటినే.

సైన్యం కోసం చేసిన 5.56, 7.62 మిల్లీమీటర్ల రకం కేసులు తీసుకోండి. ఆటోమేటిక్ తుపాకీలో ప్రైమర్ వెనక్కి జారిపోకుండా దాని చుట్టూ ఇత్తడిని లోపలికి నొక్కుతారు. దీన్ని క్రింప్ అంటారు. కొన్నిటికి వలయంలా ఉంటుంది, కొన్నిటికి మూడు పోట్లు పొడిచినట్టు ఉంటుంది. కొత్త ప్రైమర్ కూర్చోవాలంటే ఈ క్రింప్ తీసెయ్యక తప్పదు. అంటే మొదటి ప్రైమర్ లోపలే ఉండి, క్రింప్ చెక్కుచెదరకుండా ఉంటే ఆ కేసును ఎవరూ మళ్లీ నింపలేదన్నమాట. ఇంతకు మించిన సాక్ష్యం లేదు. ప్రైమర్ అంచున ఎరుపో ఆకుపచ్చో లక్క గీత కూడా కనబడితే ఇక అనుమానమే అక్కర్లేదు. మంచి ధర కావాలంటే ప్రైమర్లను అలాగే ఉండనివ్వండి.

పౌరులకు అమ్మే బజారు రకాల్లో చాలావాటికి క్రింప్ ఉండదు. అక్కడ చూడాల్సినవి వేరు. మూతి లోపలి అంచు ఏటవాలుగా చెక్కి మెరుస్తుంటే దాన్ని ఎవరో ట్రిమ్ చేశారు, అంటే సాగిన మూతిని కోసి పొడవు సరిచేశారు. ఒంటి మీద నిలువు గీతలుంటే డైలోకి వెళ్లి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే ముద్ర ఉన్న కేసుల్లో కొన్నిటికి వెండి రంగు, కొన్నిటికి ఇత్తడి రంగు ప్రైమర్లు ఉంటే ఆ సంచీ మొత్తాన్నీ అనుమానించాలి. షూటింగ్ రేంజ్ నేల మీద ఏరినవాటిని 'ఒకసారి పేలినవి' అని అమ్మడం తప్పు. అవి ఎన్నిసార్లు పేలాయో ఏరినవాడికీ తెలియదు. వాటిని 'రేంజ్‌లో ఏరినవి' అనే చెప్పి, తక్కువకే ఇవ్వాలి.

నెక్ దగ్గర నీలం, గోధుమ రంగులు కలిసిన మచ్చ ఉంటే అది మురికి కాదు. ఫ్యాక్టరీలో నెక్‌ను వేడిచేసి మెత్తబరిచిన గుర్తు. సైనిక తయారీలో దాన్ని అలాగే ఉంచుతారు, చాలా బజారు కంపెనీలు పాలిష్‌తో తీసేస్తాయి. తెలిసిన కొనుగోలుదారు ఆ రంగు చూసి సంతోషిస్తాడు.

ఇక వేరుచెయ్యడం. ముందుగా ఒక అయస్కాంతం తీసుకుని అన్నిటి మీదా తిప్పండి. ఇత్తడి పూత పూసిన స్టీలు కేసులు అతుక్కుంటాయి, వాటిని పక్కన పెట్టెయ్యాలి. తర్వాత టార్చి వేసి మూతిలోంచి అడుగుకు చూడండి. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ ప్రైమర్ రకం, పనికొస్తుంది. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్. మామూలు డైలో పెడితే ప్రైమర్ ఊడకపోగా, ప్రైమర్‌ను బయటికి తోసే డికాపింగ్ పిన్ను విరుగుతుంది. అలాంటి కేసును తుక్కు కిందే లెక్కెయ్యాలి. టార్చి వేసినప్పుడే, పెద్ద కేసు లోపల చిన్న కేసు ఇరుక్కుని ఉందేమో కూడా తేలిపోతుంది.

ఆపైన అడుగున ఉన్న ముద్రను బట్టి కుప్పలు వెయ్యాలి. 'ఎల్‌సీ' అంటే అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం ఇండిపెండెన్స్‌లో 1941లో మొదలైన లేక్ సిటీ కర్మాగారం. పక్కనున్న రెండంకెలు తయారీ సంవత్సరం. వలయంలో సిలువ ఉంటే నాటో ప్రమాణం. ఇది అలంకారానికి చేసే పని కాదు. సైనిక 7.62 కేసు గోడ సాధారణంగా అదే కొలతలో పౌరులకు అమ్మే బజారు .308 కంటే మందం. బయటి కొలత ఒకటే అయినా లోపల చోటు తక్కువ. ఒకదానికి సరిపోయిన మందునే రెండోదానిలో పోస్తే పీడనం పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి అమ్మేవాడు కొన్నవాడి నెత్తిన ప్రమాదం పెట్టినట్టే. 6.5 క్రీడ్‌మోర్ అనే రకంలో మరో తిరకాసు ఉంది. లపువా కంపెనీ కేసులకు చిన్న ప్రైమర్, హోర్నడీ కంపెనీ కేసులకు సాధారణంగా పెద్ద ప్రైమర్. కలిపేస్తే రెండూ చెడతాయి. .270 విన్‌చెస్టర్, .30-06 అనే రెండు రకాలు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి గాని నెక్ లావు వేరు. అడుగున రాసినది ఒక్కొక్కటిగా చదవాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు ఖర్చేమీ లేదు. ఒక పేపర్ క్లిప్‌ను నిటారుగా చేసి, కొనను చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల అడుగు నుంచి పైకి గోడ వెంబడి లాగండి. అడుక్కి కాస్త పైన, బయటినుంచి కొలిస్తే 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో, కొక్కెం గాడిలో పడినట్టు తగిలితే అక్కడ గోడ పలచబడింది. బయట అదే చోట మెరిసే వలయం కనబడితే మరీ జాగ్రత్త. అలాంటి కేసు తర్వాతి కాల్పులో రెండు ముక్కలవుతుంది. తల ఊడి చేతికొస్తుంది, మిగతాది ఛాంబర్లో (తుపాకీలో తూటా కూర్చునే చోట) ఇరుక్కుంటుంది, వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపు తన్నుకొస్తుంది. మెషిన్‌గన్‌లో పేలిన 7.62 కేసులకు ఈ బెడద ఎక్కువ, వాటి ఛాంబర్లు వదులుగా ఉంటాయి గనక. ఒక్కసారే పేలినా బాగా సాగి ఉంటాయి. అమ్మేటప్పుడు ఆ మాట దాచకూడదు. జీ3 అనే సైనిక రైఫిల్, ఆ తరహావాటిలో పేలినవాటి ఒంటి మీద నిలువునా నల్ల చారలుంటాయి, తరచూ పక్కన సొట్ట కూడా ఉంటుంది. చారలు వాటి ఛాంబర్లోని గాడుల వల్ల వచ్చేవి, ప్రమాదం కాదు. ధర మాత్రం కాస్త తగ్గుతుంది. మూతి దగ్గర చిన్న సొట్టలు డైలో సర్దుకుంటాయి. మడతపడినవీ చీలినవీ తుక్కులోకే.

ఇప్పుడు పాలిష్ సంగతి. ఇత్తడి పాలిష్‌లు చాలావాటిలో అమోనియా ఉంటుంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో ఉన్న రోజుల్లో, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వాటంతటవే పగిలేవి. వానాకాలంలోనే కనబడేది గనక దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పడింది. కారణం గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ తేల్చారు. సాగదీసి చేసిన ఇత్తడిలో లోపల బిగువు మిగిలి ఉంటుంది. దానికి తేమ, అమోనియా తోడైతే లోహపు రేణువుల మధ్య సన్నని పగుళ్లు పాకుతాయి, పైకి కనపడవు. ఇంత తెలిసిన విషయం గనక, ఆ పాలిష్ సలహాకు మీరు సవరణ వెయ్యాలని గట్టిగా కోరుతున్నాను.

శుభ్రం చెయ్యొద్దని కాదు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు, చిటికెడు సిట్రిక్ యాసిడ్ వేసి పది పదిహేను నిమిషాలు కలియబెడితే చాలు. ఎక్కువసేపు నానితే జింకు కరిగిపోయి కేసు గులాబీ రంగుకు తిరుగుతుంది. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, ప్రైమర్ పక్కన నీళ్లు నిలవకుండా రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. ఓవెన్లో పెట్టకండి, వేడి అదుపు తప్పితే అడుగు భాగం మెత్తబడుతుంది. అగ్నిప్రమాదంలో కాలిన కేసులను రీలోడింగుకు అమ్మనే కూడదు. పొడిగా టంబ్లర్లో (కేసులను తిప్పి శుభ్రం చేసే యంత్రంలో) తిప్పేవాళ్లు మూత బిగించి, గాలి ఆడే చోట తిప్పాలి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ పద్ధతైనా వంటింటి గిన్నెలు వాడొద్దు.

ధర కట్టడానికి రెండు హద్దులు పెట్టుకోండి. కింది హద్దు తుక్కు ఇత్తడి ధర. పై హద్దు అదే రకం కొత్త ఖాళీ కేసు ధర. 5.56 సైజులోనే ఉండే బజారు .223 కేసు సుమారు 6 గ్రాములు, అంటే కిలోకు 160 దాకా వస్తాయి. బజారు .308 దాదాపు 11 గ్రాములు, సైనిక 7.62 దాదాపు 12. కిలోకు తుక్కు ధరను కిలోకు వచ్చే కేసుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కేసుకు కింది హద్దు తెలుస్తుంది. .223 ఎక్కడ చూసినా దొరుకుతుంది గనక ఆ హద్దుకు దగ్గరగానే ఉంటుంది. క్రింప్ ఉంటే ఒకసారే పేలిందన్న నమ్మకం కుదిరినా, దాన్ని తీసే శ్రమ కొనేవాడిది కాబట్టి ఇంకొంచెం దిగుతుంది. ఒకే పెట్టెలోంచి తీసి, ఒకే బోల్ట్ రైఫిల్లో పేల్చి, తిరిగి అదే పెట్టెలో సర్దిన లపువా కేసులు కొత్తదాని ధరలో సగం దాకా అడగదగినవి. కంపెనీలు చెయ్యడం మానేసిన పాత రకాలకు పై హద్దన్నదే వర్తించదు. లెక్కపెట్టడానికి ఒకే ముద్రవి వంద తూచి, ఆ బరువుతో మొత్తం బరువును భాగించి, వందతో హెచ్చించండి. కలగాపులగం కుప్పలో ఈ లెక్క తప్పుతుంది. వందకు రెండు అదనంగా వెయ్యడం మర్యాద, ఎలాగూ ఒకటో రెండో పనికిరానివి తగులుతాయి.

డైలో నొక్కి సైజు చేసి, ట్రిమ్ చేసి అమ్మితే ఎక్కువ రాదా అని అడగొచ్చు. వేలల్లో చేసే వ్యాపారులకు వస్తుంది. ఇంట్లో నాలుగైదు వందలు ఉన్నవాళ్లు జోలికి పోకపోవడమే మంచిది. పేలిన కేసు షోల్డర్‌ను (నెక్ కిందున్న ఏటవాలు భాగాన్ని) బోల్ట్ రైఫిల్‌కైతే 0.05 మిల్లీమీటర్లు, సెమీ ఆటోకైతే 0.1 దాకా మాత్రమే వెనక్కి నెట్టాలి. అది కూడా కొనేవాడి ఛాంబర్‌ను బట్టి. తెలియక ఎక్కువ నెడితే పైన చెప్పిన తల ఊడే జబ్బును మనమే అంటించినవాళ్లమవుతాం. క్రింప్‌ను రీమర్ అనే పనిముట్టుతో చెక్కేటప్పుడు ఒక్క తిప్పు ఎక్కువైనా ప్రైమర్ కూర్చునే పాకెట్ వదులై ప్రైమర్ నిలవదు.

పెట్టెలో సర్దే ముందు ప్రతి కేసూ చేత్తో పట్టి చూడాలి. ఖాళీవాటిలో పేలని తూటా ఒక్కటి ఉన్నా, తుపాకీ సూది దెబ్బ తగలని ప్రైమర్ ఒక్కటి ఉన్నా ఆ సరుకు బయటికి పంపకూడదు. దేశం దాటించాలంటే ఎగుమతి నిబంధనలు వర్తిస్తాయి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 'అమ్యూనిషన్' నిర్వచనంలోకి తూటా భాగాలు కూడా వస్తాయి. సెలవులకు వస్తూ సూట్‌కేసులో నాలుగు ఖాళీ కేసులు గుర్తుగా తెచ్చుకుందామనే ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు