మర్నాడే హిట్టా, ఫట్టా?

హార్డ్ రాక్, మెటల్ (గిటార్లు, డ్రమ్ములు హోరెత్తించే పాశ్చాత్య సంగీతం) ఆల్బమ్‌లను సినిమా పాటల లెక్కన విడుదలైన మర్నాడే ‘ఫట్’ అని తేల్చేయడం మన పత్రికలకు అలవాటైపోయింది. అలాంటి ఆల్బమ్‌ను తీసిపారేసిన మొన్నటి మీ సమీక్షా అంతే. శ్రోతలదో మాట, విమర్శకులదో మాట కావడం ఈ సంగీతంలో కొత్త కాదు. అమెరికన్ మెటల్ బృందం మెటాలికా 2003లో తెచ్చిన ‘సెయింట్ యాంగర్’నే చూడండి. గిటార్ సోలోలు (పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే ఘట్టాలు) లేవని, స్నేర్ డ్రమ్ము ఖాళీ నూనె డబ్బాను గరిటెతో కొట్టినట్టు మోగుతోందని అభిమానులే తిట్టిపోశారు. అదే ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికెక్కింది, టైటిల్ పాటకు 2004లో గ్రామీ వచ్చింది. (ఆ డబ్బా మోత నాకిప్పటికీ గిట్టదు, అది వేరే సంగతి.) వాళ్లదే 2008 నాటి ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ గొడవ ఇంకోలాంటిది: పాటలు బాగున్నా, రికార్డింగులో శబ్దం మరీ పెంచేయడంతో గిటార్లు బొంగురుపోయాయి, ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అవే పాటలు తేటగా వినిపించేసరికి మళ్లీ మిక్స్ చేయమని శ్రోతలు సంతకాలు సేకరించారు. ఫోన్ స్పీకర్లో నాకీ తేడా తెలియనే లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పాత స్పీకర్లకు తగిలించాక మొదటి పాట ముగిసేలోపే చెవులు అలసిపోయాయి. కాబట్టి సమీక్షలో బాణీకి, రికార్డింగుకు విడివిడిగా మార్కులు వేయండి. దేనిమీద విన్నారో ఒక్క ముక్క రాయండి. రెండు వారాలాగి, ఈ సంగీతం రోజూ వినేవారితో ఒకటి, ఎన్నడూ విననివారితో ఒకటి రాయించి పక్కపక్కనే వేస్తే, కొనాలో వద్దో మేమే తేల్చుకుంటాం.

— ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్