షుగర్ రోగులకు అమ్ముతున్న యాంటీఆక్సిడెంట్ డబ్బాలు

సంపాదకులకు నమస్కారం.

మధుమేహంలో రక్తనాళాలు దెబ్బతినడానికి 'ఆక్సీకరణ ఒత్తిడి' (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికరమైన అణువులు శరీరంలో మితిమీరడం) మూలమనీ, వాటిని అడ్డుకునే తమ యాంటీఆక్సిడెంట్ గుళికలు వాడితే ఆ ఒత్తిడి తగ్గి కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు భద్రంగా ఉంటాయనీ చెప్పే కరపత్రాలు గుంటూరులో ఉదయపు నడకకు వెళ్ళేవారి చేతుల్లోనూ, మందుల దుకాణాల కౌంటర్ల మీదా ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. ఆ కరపత్రాల్లో మొదటి సగం నిజం, రెండో సగానికి ఆధారం లేదు. జీవరసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఈ సంగతి మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

రక్తంలో గ్లూకోజు పెరిగినప్పుడు శరీరంలోని చాలా కణాలు తమలోకి వచ్చే గ్లూకోజును కొంతవరకు కట్టడి చేసుకోగలవు. రక్తనాళాల లోపొరలోని కణాలకు ఆ వెసులుబాటు లేదు. అందుకే సన్నని నాళాలు అల్లుకున్న రెటీనా (కంటి లోపలి వెనుక పొర), కిడ్నీ, నరాలు ముందుగా దెబ్బతింటాయి. వచ్చిపడిన గ్లూకోజు దహనమయ్యే క్రమంలో కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ (ఇతర అణువులను దెబ్బతీసే చురుకైన అణువు) మోతాదు మించి తయారై, నాళాన్ని సడలించి ఉంచే నైట్రిక్ ఆక్సైడును హరిస్తుంది. దాంతో నాళం బిగుసుకుంటుంది. గ్లూకోజు వెళ్ళవలసిన మామూలు దారి మందగించి, ప్రొటీన్లకు చక్కెర అంటుకుపోవడం వంటి హానికరమైన పక్కదారులు తెరుచుకుంటాయి. విడివిడిగా తెలిసిన ఈ నష్టాలన్నిటినీ అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ బ్రౌన్లీ 2001లో నేచర్ పత్రికలో ఒకే మూలానికి ముడిపెట్టి వివరించారు. కరపత్రాలు వాడుకుంటున్నది ఈ శాస్త్రాన్నే.

అయితే విటమిన్‌-ఇ వంటి యాంటీఆక్సిడెంట్లు మింగితే సరిపోవాలి కదా? ఆ ప్రశ్నకు జవాబు 2000లోనే వచ్చింది. గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న 'హోప్' అధ్యయనంలో, వారిలో మధుమేహులు మూడో వంతుకు పైనే ఉండగా, రోజుకు 400 యూనిట్ల విటమిన్‌-ఇ సుమారు నాలుగున్నరేళ్ళు ఇచ్చి చూసినా గుండెపోటుగాని, పక్షవాతంగాని, మరణాలుగాని తగ్గలేదు. అదే అధ్యయనంలో రామిప్రిల్ అనే బీపీ మాత్ర వాడినవారిలో ఈ మూడూ తగ్గాయి. మరికొన్నేళ్ళు గమనించి 2005లో ప్రకటించిన ఫలితాల్లోనైతే విటమిన్‌-ఇ తీసుకున్నవారిలో గుండె వైఫల్యం కొంత ఎక్కువగా కనిపించింది. సూపరాక్సైడ్ క్షణక్షణమూ పుడుతూనే ఉంటే, పుట్టినదాన్ని పట్టుకునే గుళిక చేయగలిగింది స్వల్పమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు పడిన గండ్లు పూడ్చకుండా సింగ్‌నగర్ ఇళ్ళలో నీళ్ళు తోడుకుంటూ కూర్చుంటే ఏమయ్యేదో విజయవాడ వారికి చెప్పనక్కర్లేదు.

గండి పూడ్చడమంటే గ్లూకోజునూ, బీపీనీ అదుపులో పెట్టడమే. టైప్‌-1 రోగులపై జరిగి 1993లో వెలువడిన అమెరికా అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారిలో రెటీనా జబ్బు కొత్తగా రావడం 76 శాతం తగ్గింది. మన దగ్గర ఎక్కువగా ఉండే టైప్‌-2పై బ్రిటన్‌లో జరిగి 1998లో ప్రకటించిన అధ్యయనంలో సన్ననాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. పైగా తొలి ఏళ్ళలో సాధించిన అదుపు ఫలితం, తరువాత గట్టిగా అదుపు చేసినవారి, మామూలు చికిత్స పొందినవారి షుగరూ దాదాపు ఒకే స్థాయికి చేరినా, చాలాకాలం నిలిచింది. 'ఇంకా ఏ బాధా లేదుగా' అని మాత్రలు వాయిదా వేసేవారు గమనించవలసిన విషయమిది.

ఉసిరికాయలూ ఆకుకూరలూ తినవద్దని నేననడం లేదు, పచ్చళ్ళలో ఉప్పు సంగతి మాత్రం వేరు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే ఉన్న ఊళ్ళో ఈ మాట అనడం కొందరికి రుచించకపోవచ్చు గాని, సిగరెట్టు పొగ ఆ ఫ్రీ రాడికల్స్‌నే నేరుగా ఒంట్లోకి పంపుతుంది. చుట్ట తాగుతూ యాంటీఆక్సిడెంట్ డబ్బా కొనడంలో అర్థం లేదు.

డబ్బాలకు పెట్టే డబ్బును ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రొటీన్) పరీక్షకూ, కనుపాప విప్పార్చి చేసే రెటీనా పరీక్షకూ ఖర్చు చేస్తే, నష్టం పైకి కనిపించకముందే పట్టుబడుతుంది. పాదాల స్పర్శ పరీక్షకైతే 10 గ్రాముల ఒత్తిడి వద్ద వంగే నైలాన్ పోగు చాలు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆరోగ్య శిబిరాల్లో వేలు గుచ్చి షుగర్ చూసి, బీపీ చూసి పంపించడంతో ఆపకుండా, ఈ పరీక్షలను కూడా చేర్చాలని గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల వైద్యారోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. భవానీ దీక్షలో చెప్పులు లేకుండా విజయవాడ ఇంద్రకీలాద్రికి నడిచివచ్చే వేలాది మందిలో అరికాళ్ళ స్పర్శ తగ్గిన మధుమేహులు తప్పక ఉంటారు. వారికి ముల్లు దిగినా, బొబ్బ లేచినా తెలియదు. దీక్ష స్వీకరించే రోజుల్లోనే, అంటే నడక మొదలవకముందే, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో పాదాల పరీక్ష ఏర్పాటు చేసి, ఆ వివరాలను మీ జిల్లా పేజీలో ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు
విశ్రాంత అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.