మావయ్య పేరు మీద ఒకటి

ఒరేయ్,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో మావయ్య సంగతి అడిగావు, నాకేమో గొంతు పట్టేసి రెండు ముక్కలు కూడా సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదువు.

నీకు గుర్తుండే ఉంటుంది, మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆయన నిన్ను ఎలా ఉన్నావని అడిగేవాడు కాదు, "ఆకాశం చూశావురా ఇవాళ?" అనేవాడు. అదంతా 1986లో మొదలైందట. ఆ ఏడు హేలీ తోకచుక్క వచ్చింది కదా, దాదాపు 76 ఏళ్ళకోసారి వచ్చేది, అప్పుడు కుర్రాడు, రోజూ తెల్లవారుజామునే లేచి వెతికేవాడట. కానీ ఆసారి అది సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లో మనకి అవతలి పక్కన ఉండిపోయింది, దాంతో మసగ్గా తప్ప కనపడలేదు. కానీ దాన్ని వెతుకుతూ వెతుకుతూ మిగతా ఆకాశమంతా నేర్చేసుకున్నాడు. కృత్తికల్ని పిల్లలకోడి అనేవాడు, సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపిస్తే కళ్ళు బాగున్నట్టే అనేవాడు. కనిపించట్లేదని మా చెల్లి ఏడిస్తే "రేపు కనిపిస్తుందిలే తల్లీ, అదెక్కడికీ పోదు" అని వీపు నిమిరేవాడు.

1997లో హేల్-బాప్ వచ్చినప్పుడు చూడాలి ఆయన్ని! చీకటి పడగానే తోకతో సహా మామూలు కళ్ళకే కనిపించేది. పిల్లలందర్నీ మేడ మీద వరసగా నిలబెట్టి ఒక్కొక్కళ్ళ గడ్డం పట్టుకుని తల అటు తిప్పి "అదిగో, అదిగో" అని చూపించాడు. నిజం చెప్పనా, నాకు ఆ తోకచుక్క కన్నా నా గడ్డం కింద ఆయన చెయ్యే ఎక్కువ గుర్తు.

ఇక డిసెంబర్ 13, 14 వచ్చాయంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. జెమినిడ్స్ అని ఉల్కలు రాలతాయి, మిథునరాశి వైపు నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలేసిన చిన్న చిన్న రేణువులేరా అవి, ఆ కాస్త రేణువు గాల్లోకి వచ్చి మండితే ఆకాశంలో అంత గీత పడుతుంది! మేడ మీద చాపలు, చద్దర్లు, అందరం వెల్లకిలా పడుకుని ఉంటే మావయ్య నోట్‌బుక్ పట్టుకుని మధ్యలో కూర్చునేవాడు. ఎవరు ముందు "నాది!" అని అరిస్తే వాళ్ళ పేరు కింద ఒక గీత. దానికోసం ఎన్ని గొడవలో, మా అమ్మా పిన్నీ కూడా చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళు, పొద్దున్నకి అందరి గొంతులూ పోయేవి. మధ్యలో నిద్రపోయినవాళ్ళకి కూడా గీతలు పెట్టేవాడు, అదేంటి మావయ్యా అంటే "వాడి మీంచే కదా పోయింది, నిద్రపోతే మాత్రం వాడిది కాకుండా పోతుందా" అనేవాడు. ఎవరికీ సున్నా ఉండకూడదు, అదొక్కటే రూలు.

మావయ్య పోయాక మొదటి డిసెంబర్ ఇదేరా. ఈసారి వద్దులే అని ఎవరికి వాళ్ళే అనుకున్నాం, ఎవరం ఎవరికీ ఫోన్ చేసుకోలేదు. తీరా 13న సాయంత్రం నేను వెళ్ళేసరికి మా చెల్లి పిల్లలతో అప్పటికే వచ్చేసి ఉంది, కాసేపటికి పిన్నివాళ్ళూ దిగారు, రాత్రి పది దాటేసరికి మొత్తం అందరం మేడ మీదే. మొదట్లో ఎవరం మాట్లాడలేదు. ఇంతలో పెద్దది ఒకటి, పచ్చగా, నెత్తి మీంచి అటు చివరిదాకా పోయింది, అందరం చూశాం కానీ "నాది" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అప్పుడు అత్తయ్య కొంగు కింద నుంచి ఆ పాత నోట్‌బుక్ తీసింది. కొత్త పేజీలో మావయ్య పేరు రాసి గీత పెట్టి, "నిద్రపోయినవాళ్ళకీ రాయాలి కదా" అంది.

ఒక్క నిమిషం నిశ్శబ్దం, తర్వాత పిన్ని గట్టిగా "అయితే తర్వాతది నాదే!" అని అరిచింది, అంతే, ఏడుస్తూనే నవ్వాం, నవ్వుతూనే పోట్లాడుకున్నాం, తెల్లారేసరికి నా గొంతు లేదు. మొత్తం 61 లెక్కపెట్టాం, అందులో మావయ్యవి 9.

హేలీ మళ్ళీ 2061లో వస్తుంది కదా, మావయ్య ఎప్పుడో దాన్ని మా చెల్లి కొడుక్కి అప్పజెప్పాడు, "నా బదులు నువ్వు చూడాల్రా" అని. ఆరేళ్ళ వెధవ, ఆ రాత్రంతా నా పక్కనే పడుకుని అప్పటికి నాకెన్నేళ్ళొస్తాయి మావయ్యా అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. వాడు నన్ను మావయ్యా అని పిలుస్తుంటే కొత్తగా విన్నట్టుందిరా.

వచ్చే డిసెంబర్‌కి నువ్వూ రా. చద్దరు తెచ్చుకో, నోట్‌బుక్‌లో నీ పేరు నేను ముందే రాసి ఉంచుతా.

నీ
నేనే