ఫొటో పెద్దది చేస్తుంటే పక్క ఫొటోకి వెళ్లిపోవడం గురించి

మా ఆల్బమ్ యాప్ వాడేవాళ్లు ఈ మధ్య ఎక్కువగా రాస్తున్నది ఒకటే: "ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడబోతే, ఉన్నట్టుండి పక్క ఫొటో వచ్చేస్తోంది." కొత్త అప్‌డేట్‌లో దీనికి మందు వేశాం. ఏం మారిందో, ఏది ఇంకా మిగిలి ఉందో దాచకుండా చెబుతాను.

మీరు చూసే స్క్రీన్‌లో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు పొరలున్నాయి. బయట పైకీ కిందికీ కదిలే పేజీ, దానిలో పక్కకి జరిగే ఫొటోల వరుస, ఆ వరుసలో జూమ్ అయ్యే ఫొటో. ఆండ్రాయిడ్‌లో మీ టచ్ లోపలున్న ఫొటోకి చేరేముందు బయటి పొరలు దాన్ని ఓసారి చూస్తాయి. వేలు మామూలుగా 8 డీపీ (స్క్రీన్ మీద దూరానికి ఆండ్రాయిడ్ వాడే కొలత), అంటే మిల్లీమీటరు పైచిలుకు జరిగితే చాలు, స్క్రోల్ అనుకుని బయటి పొర ఆ టచ్‌ని లాగేసుకుంటుంది. ఫొటోకి క్యాన్సిల్ అని కబురు వెళ్తుంది. వేళ్లన్నీ ఎత్తేదాకా ఇక దానికేమీ అందదు.

చిక్కంతా ఇక్కడే. మన రెండు వేళ్లూ ఒకే క్షణంలో స్క్రీన్‌ని తాకవు. రెండోది ఆనేలోపు మొదటిది పిసరంత పక్కకి జరిగినా వరుస కదిలిపోతుంది. చేయి వణికే పెద్దవాళ్లకి ఇది మరీ కష్టం. మనవళ్ల ముఖాలు దగ్గరగా చూసుకోలేకపోతున్నామని వాళ్లు రాస్తే నాకు నిజంగా బాధనిపించింది.

అందుకే వరుస కదలాలంటే వేలు జరగాల్సిన దూరాన్ని రెట్టింపు చేశాం. రెండో వేలు ఆనగానే, ఇక ఈ టచ్ జోలికి రావద్దని ఫొటోయే బయటి పొరలకి చెబుతుంది. జూమ్ అయి ఉన్నప్పుడు, ఆనిన వేలు ఎత్తేదాకా ఎటు జరిపినా ఫొటో మాత్రమే కదులుతుంది. ఒక వేలు ఎత్తగానే ఫొటో గెంతడం కూడా పోయింది. మిగిలిన వేలు ఎక్కడుందో అక్కణ్నుంచే లెక్క మళ్లీ మొదలవుతుంది.

దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. పెద్దది చేసిన ఫొటో అంచుకి చేరాక, అదే ఊపులో పక్క ఫొటోకి వెళ్లలేరు. వేలు ఎత్తి మళ్లీ స్వైప్ చేయాలి. కొందరికి ఇది నచ్చదని తెలుసు. కానీ చూస్తున్న ఫొటో చేజారిపోవడం కంటే ఇంకోసారి స్వైప్ చేయడమే నయమని మా నిర్ణయం. ఐఫోన్‌లో టచ్ పంచే పద్ధతి వేరు, అయినా అక్కడా ఇలాగే పెట్టాం.

ఏటవాలుగా స్వైప్ చేస్తే మాత్రం పేజీ కదలాలా, వరుస కదలాలా అన్నది ఇప్పటికీ ఒక్కోసారి తప్పుగా తేలుతోంది. మీకు అలా జరిగితే స్క్రీన్ రికార్డ్ చేసి పంపండి. రికార్డ్ మొదలుపెట్టేముందు, టచ్‌లు కనిపించే ఆప్షన్ మీ ఫోన్‌లో ఉంటే ఆన్ చేయండి. వేలు ఎక్కడ ఆనిందో, ఎటు తిరిగిందో కనిపిస్తే కారణం త్వరగా దొరుకుతుంది.