తేమ లెక్క తెలియని ఫర్నిచర్ చదువు

సంపాదకులకు,

ఫర్నిచర్ డిజైన్ కోర్సులో చేరిన పిల్లలు కంప్యూటర్‌లో బొమ్మ గీయడం త్వరగానే నేర్చుకుంటారు. చెక్క తేమ దగ్గరే చదువు డొల్ల. 400 మిల్లీమీటర్ల వెడల్పు టేకు పలకను 18 శాతం తేమతో బల్లకు వాడితే, ఏసీ గదిలో అది 10 శాతానికి ఎండేసరికి, దుంగను కోసిన తీరును బట్టి 6 మిల్లీమీటర్ల దాకా వెడల్పు తగ్గుతుంది. పొడవు మాత్రం దాదాపు కదలదు. ఆ పలకను ఫ్రేముకు జిగురుపెట్టి బిగించేస్తే నడిమధ్య నెర్రె విచ్చక మానదు. స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాక వెడల్పు దిశలో పొడుగ్గా తొలిస్తే పలకకు కదిలే చోటు దొరుకుతుంది. ఇది నేర్పడానికి ఒక్క పూట ప్రాక్టికల్ చాలు!

ప్రతి వర్క్‌షాపులో తేమ మీటరు ఉండాలి. చివరలు ముందే ఎండిపోతాయి కాబట్టి పలక మధ్యలో కొలవాలి. చెక్క తునకలను జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు సంగతీ నేర్పాలి: ముందుగా సన్నటి పైలట్ రంధ్రం తొలవకుండా అంచులోకి స్క్రూ దించితే బోర్డు విచ్చుకుంటుంది.

ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు ఏడాదే. ఆ పిల్లల చేతా డిజైన్ విద్యార్థుల చేతా ఒకే బల్ల దగ్గర చెక్కను చిత్రిక పట్టించాలి. మార్కులు డ్రాయింగుకే కాదు, చేసిన స్టూలు ఒక ఎండాకాలం దాటాక అతుకు వదిలిందో లేదో చూసి వేయాలి.

– ఒక వడ్రంగి పని శిక్షకుడు, రాజమహేంద్రవరం