పద్నాలుగో రోజు

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోనులో నువ్వు అన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "పేరంటానికి పిలిచినట్టు పిలిచారమ్మా, తాంబూలం ఇచ్చి పంపేస్తారు" అన్నావు. అప్పు ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో కంప్యూటరే తేల్చేస్తుందట, అందులో తప్పొప్పులు చూడడానికి మీ కంపెనీ ఒక కమిటీ వేసిందట, అందరూ ఇంజనీర్లే ఉన్న ఆ గదిలో లా చదివినదానివి నువ్వొక్కదానివేనట. "వాళ్ల లెక్కలు నాకు రావు, నా ప్రశ్నలు వాళ్లకు పట్టవు, మానేస్తాను" అన్నావు. మానెయ్యవద్దని చెప్పడానికి రాయడం లేదు, అది నీ ఇష్టం. కానీ నేను మేరీ వార్నాక్ పేరెత్తగానే "ఆవిడెవరు?" అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. నువ్వు ఎలా పుట్టావో తెలిసినదానివి, ఆవిడ తెలియకపోతే ఎలా?

ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ పాప ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత మెల్లగా భయం మొదలైంది. తల్లి కడుపు బయట, గాజు పాత్రలో పిండం ఉంటే అది ఎవరిది? ఎన్నాళ్లు ఉంచవచ్చు? మిగిలిపోయినవాటి మీద పరిశోధన చేయవచ్చా? ఏ చట్టంలోనూ జవాబు లేదు. 1982లో బ్రిటిష్ ప్రభుత్వం 16 మందితో కమిటీ వేసి దానికి వార్నాక్‌ను అధ్యక్షురాలిని చేసింది. ఆవిడ డాక్టరు కాదు, శాస్త్రవేత్త కాదు, నీలాగా లాయరు కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన పంతులమ్మ. మధ్యలో ఆరేళ్లు ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. అయిదుగురు పిల్లల తల్లి. అంతకుముందు వైకల్యం ఉన్న పిల్లల చదువు మీద ఒక కమిటీని నాలుగేళ్లు నడిపి 1978లో నివేదిక ఇచ్చింది, దాని మీదే అక్కడ చట్టం వచ్చింది. పేచీలు వచ్చే విషయమైతే ఆవిడను పిలవడం వాళ్లకు అప్పటికే అలవాటైనట్టుంది.

ఆ గదిలో డాక్టర్లున్నారు, న్యాయం తెలిసినవాళ్లున్నారు, మతశాస్త్రం చెప్పే ఆచార్యుడున్నాడు. ప్రాణం ఎప్పుడు మొదలవుతుంది అని అడిగి ఉంటే ఈపాటికి కూడా లేచేవాళ్లు కారు. వాళ్లు ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఈ పిండం పట్ల మనం ఎలా నడుచుకోవడం సబబు అన్న ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లారు. నివేదికలో ఆ మాట దాచకుండా చెప్పారు కూడా. మా స్టాఫ్ రూములో ముప్ఫయ్యేళ్లు వాదనలు విన్నదాన్ని, ఈ మలుపు విలువ నాకు తెలుసు. మొదటి ప్రశ్నకు ఎవరి నమ్మకం వారిది. రెండో దానికి పదిమందీ కూర్చుంటే ఏదో ఒక జవాబు వస్తుంది.

ఇక వాళ్లు పెట్టిన 14 రోజుల హద్దు సంగతి. ఇక్కడ నా పాఠం కొంచెం వినక తప్పదు. కోడి పిండం స్లైడు నీకు చిన్నప్పుడు మా ల్యాబులో చూపించాను, గుర్తుందా? మధ్యలో సన్నగా ఒక గీత. ప్రిమిటివ్ స్ట్రీక్ అంటాం. కోడిలో గంటల్లోనే వస్తుంది, మనిషిలో సుమారు పదిహేనో రోజుకు. అంతకుముందు ఆ కణాల ముద్ద ఒక బిడ్డ అవుతుందో, విడిపోయి కవలలవుతుందో తెలియదు, అసలు బిడ్డే కాకపోవచ్చు. గీత పడ్డాక తల ఎటో, తోక ఎటో తేలుతుంది. కమిటీలో ఉన్న పిండశాస్త్రవేత్త ఆన్ మెక్‌లారెన్ ఓపికగా ఇదంతా మిగతావాళ్లకు విడమరచి చెప్పింది. తనకు రాని విద్య ఆమె దగ్గర నేర్చుకోవడానికి వార్నాక్ నామోషీ పడలేదు. ప్రకృతి గీసే ఆ గీతకు కాస్త ముందు వాళ్లు తమ గీత గీశారు: గాజు పాత్రలో ఏ మానవ పిండాన్నీ 14 రోజులు దాటి బతికించకూడదు, దాటితే నేరం.

13 ఎందుకు కాకూడదు, 16 అయితే ఏమిటి అని అడగనివాళ్లు లేరు. సరిగ్గా ఎన్ని రోజులన్నది అంత ముఖ్యం కాదని, ఏదో ఒక హద్దు ఉండి తీరాలని, అది రోజుల లెక్కలో ఉండాలని ఆవిడ వాదన. రోజులైతే ఎవరైనా లెక్కపెట్టగలరు కదా! పిండానికి నొప్పి తెలిసేదాకా అనో, మనిషి రూపం వచ్చేదాకా అనో రాసి ఉంటే ప్రతి ప్రయోగశాలా తనకు నచ్చినట్టు అర్థం చెప్పుకునేది. మీ కంపెనీ కాగితంలో "తగినంత పారదర్శకత" అని రాశారని చదివి వినిపించావే, తగినంత అంటే ఎంతో ఎవరు కొలుస్తారు? ఆ మాట నాకు కిరాణా కొట్టు జాబితాలో "ఉప్పు, తగినంత" అన్నట్టు వినిపించింది.

1984 జులైలో నివేదిక వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది చివర్న ఉంటుంది. ఒప్పుకోనివాళ్ల మాటలు! పిండాల మీద పరిశోధనే వద్దని ముగ్గురు, అద్దె గర్భాల విషయంలో ఇద్దరు, పరిశోధన కోసమే పిండాలను తయారు చేయడం తగదని నలుగురు, ఎవరి అసమ్మతి వారు సంతకాలతో రాసి ఇచ్చారు. అదంతా నివేదికలోనే అచ్చయింది. అందరినీ బుజ్జగించి ఏకగ్రీవం అనిపించుకోవడం మన దగ్గరైతే అధ్యక్షుల గొప్పతనం. ఆవిడ అలా చేయలేదు.

చట్టం వెంటనే రాలేదు. మరుసటి ఏడే ఈనక్ పావెల్ అనే ఎంపీ పిండాల మీద పరిశోధనను పూర్తిగా ఆపేసే బిల్లు తెచ్చాడు. మొదట్లో 238 మంది అనుకూలంగా, 66 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. సమయం చాలక అది ఆగిపోయింది కానీ లేకపోతే కథ అక్కడితో సరి. 1985లో ప్రభువుల సభకు, అంటే అక్కడి పార్లమెంటు ఎగువ సభకు, వెళ్లిన వార్నాక్ ఆ అయిదారేళ్లూ చెప్పిందే చెప్పి, అడిగినవాళ్లకల్లా బదులిచ్చి, 1990లో చట్టమయ్యేదాకా వదల్లేదు. 1991లో లైసెన్సులిచ్చి తనిఖీ చేసే సంస్థ పనిచేయడం మొదలైంది. 2016లో కేంబ్రిడ్జ్‌లో పిండాలను 13వ రోజు దాకా పెంచి, ఇక ఆ 14 రోజుల గీత కోసమే ఆపేశారు. అంటే ముప్ఫయ్యేళ్లపాటు దాటే శక్తే లేని గీత అది! ఇప్పుడు శక్తి వచ్చింది కాబట్టి గీత జరపాలా అని మళ్లీ చర్చ. జరుపుతారేమో కూడా. మన దేశపు మార్గదర్శకాల్లోనూ ఆ 14 రోజులే ఉన్నాయి.

ఆవిడను దేవతను చేసి చెబుతున్నానని అనుకోకు. వైకల్యం ఉన్న పిల్లల గురించి తాను ఇచ్చిన నివేదిక అమలులో దారి తప్పిందని 2005లో ఆవిడే రాసింది, అప్పటికి ఎనభై దాటాయి. అద్దె గర్భాల మీద కూడా తర్వాత మనసు మార్చుకుంది. 2019లో, 94 ఏళ్లకు పోయేదాకా ఎవరితోనో ఒకరితో వాదిస్తూనే ఉంది. మీ అమ్మమ్మకు సరైన జోడీ.

కమిటీలంటేనే మంచివని కూడా నేను అనను. లూయీస్ పుట్టిన 70 రోజులకే, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ అదే పని చేశారు. అక్కడా ప్రభుత్వం కమిటీ వేసింది. ఇప్పుడేం చేయాలి అని ఆ కమిటీ అడగలేదు, ఈయన నిజం చెబుతున్నాడా అని మాత్రమే అడిగింది. లేదని తేల్చేసింది. జపానులో సమావేశానికి వెళ్లనివ్వలేదు. చివరికి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన చెప్పింది నిజమని లోకం ఒప్పుకోవడానికి 1997 వచ్చింది.

ఇక నీకు ఇంతవరకు చెప్పని సంగతి. 1995లో చెన్నైలో మూడోసారి ప్రయత్నం. ఏడు పిండాలు తయారయ్యాయని ముందురోజు ఎవరో అనుకుంటుంటే విన్నాను. లోపల పెట్టినవి ఎన్నో నర్సు వేళ్లు చూపించి చెప్పింది, నాలుగు. మిగతా మూడు ఏమయ్యాయండీ అని డాక్టరుగారిని అడిగాను. "అవన్నీ మీకెందుకమ్మా, దేవుడికి దణ్ణం పెట్టుకోండి" అన్నారు. జువాలజీ లెక్చరరును, నన్నే అలా అన్నారు! ఏ కాగితం మీదా ఏడు అని లేదు, నాలుగు అని లేదు, రశీదు మీద డబ్బు అంకె మాత్రం ఉంది. ఎక్కడికి వెళ్లి అడగాలి? మన దగ్గర ఈ ఆస్పత్రుల మీద చట్టం వచ్చింది 2021లో, నీకు పాతికేళ్లు నిండాక.

రక్తపరీక్ష దాకా లాడ్జిలో ఉండమన్నారు. గోడకు తమిళ క్యాలెండరు. అక్షరాలు రావు కానీ అంకెలు వచ్చు కాబట్టి రోజుకొక గీత కొట్టేదాన్ని. మీ నాన్న పెన్సిలు చెక్కి ఇచ్చేవారు. అక్కడా పద్నాలుగు రోజులే. ఇదీ అదీ వేరు వేరు పద్నాలుగులు, నాకు తెలుసు. అయినా చాలా ఏళ్ల తర్వాత వార్నాక్ గురించి చదువుతుంటే, ఆ అంకె దగ్గర కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ మూడింటి గురించి అడిగితే జవాబు చెప్పి తీరవలసిన చోటు ఒకటి, వేల మైళ్ల అవతల, ఒక హెడ్‌మిస్ట్రెస్ పట్టుబట్టడం వల్ల అప్పటికే ఉందన్నమాట.

మీ యంత్రం అప్పు వద్దన్న మనిషి మీ ఆఫీసుకు వచ్చి ఎందుకు వద్దన్నారని అడిగితే, ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబు చెబుతారు? ఇది అడగడానికి లెక్కలు రానక్కరలేదు కదా. ఇంకొకటి, నువ్వు ఒప్పుకోని మాట మీ కమిటీ నివేదికలో అచ్చవుతుందా, లేదా? అవదంటే అప్పుడు మానెయ్యి, నేనే వచ్చి సామాను సర్దుతాను.

శుక్రవారం మీటింగు అన్నావు. అయ్యాక ఫోను చెయ్యి. పదింటిలోపు అయితే నాన్న కూడా మేలుకుని ఉంటారు.

అమ్మ